ఐదు కొత్త కొక్కేలు, ఒక పాతది

వేలిముద్ర ఎందుకు వేశావని రూత్ మూడోసారి అడిగింది. నర్సయ్య మూడోసారీ అదే చెప్పాడు.

"తలనొప్పి అమ్మా."

"తలనొప్పికి వేలిముద్ర ఏస్తరా ఎవలన్న?"

"తలకు పరీక్ష అన్నడు సారు. తీగలు వెట్టి చూస్తం, నొయ్యదు, ఫ్రీ అన్నడు. నాకు ఎండల తిరిగితే గీ పక్క నరం గుంజుతది. మంచిదే గద అనుకున్న."

రూత్ చేతిలోని కాగితాన్ని బల్ల మీద పడేసింది. మేజిస్ట్రేటు అనుమతి ఉంది. 'పరీక్ష స్వభావం పూర్తిగా అర్థమై, స్వచ్ఛందంగా' అన్న మాటలున్నాయి. కింద బొటనవేలి ముద్ర. ముప్పై ఏళ్ళు పసుపు బస్తాలు ఎత్తిన వేలు అది. గీతలు అరిగిపోయి ముద్ర సగమే పడింది. చదువు రాని మనిషి చేత చదవకుండా పెట్టించిన ముద్రను స్వచ్ఛందం అనడానికి మనుషులకు నోరెలా వస్తుందో ఆమెకు ఎప్పుడూ అర్థం కాలేదు.

శుక్రవారం పగలు పన్నెండు ఇరవై. ఆర్మూర్ బస్టాండు వెనక ప్రత్యేక బృందం అద్దెకు తీసుకున్న ఇల్లు. నాలుగు గంటలకు ఇన్‌స్పెక్టర్ భీమ్‌రావు నర్సయ్యను కోర్టుకు తీసుకుపోతాడు. చేతిలో రిపోర్టు ఉంటుంది. హత్యాయుధాన్ని నిందితుడి మెదడే గుర్తుపట్టిందని ఆ రిపోర్టు. ఇక నర్సయ్య జైలుకు పోతే వెతికేవాడుండడు, కేసు మూతపడుతుంది.

నర్సయ్య వకీలు ఇప్పించిన సమయం అరగంట. రూత్ వకీలు కాదు, పోలీసూ కాదు. నిజామాబాద్‌లో ఒక ప్రైవేటు నరాల దవాఖానలో పదహారేళ్ళు రోగుల తలలకు తీగలు అంటించి మెదడు కరెంటును రికార్డు చేసింది. ఒకరి రిపోర్టు ఇంకొకరికి అంటగడితే కొట్లాడి ఉద్యోగం పోగొట్టుకుంది. అప్పటినుంచి వకీళ్ళకు కేసుల్లో నిజాలు వెతికిపెడుతోంది.

"మంగళవారం ఒంటిగంట పదికి హమాలీలందరూ తిండికి బయటికొచ్చిండ్రు. ఒకటి యాభైకి సేటు డ్రైవర్ గోదాము షటర్ లేపిండు. రెండు బస్తాల దొంతుల నడుమ గోదాము గుమాస్తా స్వామి పడి ఉన్నడు, మెడల బస్తాలు ఎత్తే హమాలీ కొక్కెం దిగి ఉన్నది. గా నలభై నిమిషాలు నువ్వెక్కడున్నవ్?"

"లారీ కింద పండుకున్న."

"ఎవలు చూసిండ్రు?"

"పండుకున్నోన్ని ఎవలు చూస్తరమ్మా?"

"సోమవారం స్వామిని చంపుత అన్నవట. ఇరవై మంది ఇన్నరు."

"అన్న." నర్సయ్య దాచలేదు. "బస్తాలు పదకొండు వరుసలు ఏసేకాడ పద్నాలుగు ఏపిచ్చిండ్రు. దొంతి కూలవడి మాతోని పనిచేసే ఆశమ్మ మీద వడ్డది. నడుము వోయింది, మంచంల ఉన్నది. పద్నాలుగు ఏపిచ్చింది ఎవలో స్వామికి ఎరుక. బుధవారం నాతోని లేబర్ ఆఫీసుకు రా, గా పేరు చెప్పు, రాకుంటే చంపుత అన్న."

"ఆయనేమన్నడు?"

"వస్త అన్నడు."

రూత్ కుర్చీలో ముందుకు వంగింది. "వస్త అన్నడా? బుధవారం సాక్ష్యం చెప్తనన్న మనిషిని మంగళవారం నువ్వెందుకు చంపుతవ్? గీ ముచ్చట ఇన్‌స్పెక్టర్‌కు చెప్పినవా?"

"అడగలే."

"అడగకుంటే చెప్పవా నర్సన్నా?"

"నేను మాట్లాడబోతే నోర్ముయ్ అన్నరు. మూసిన."

ఈ జిల్లాలో పోలీసు ముందు నోరు మూసుకోవడం ఒక పని, తెరవడం ఇంకో పని. రెండూ తప్పే అవుతాయి.

"పద్నాలుగు ఏపిచ్చింది ఎవలు?"

"సేటే అయ్యుంటడు. స్వామి పేరు ఇడువలే. బుధవారం అక్కడనే చెప్త అన్నడు."

"సరే. కొక్కెం సంగతి చెప్పు. ఫొటో చూపిస్తే ఎన్నడు చూడలే అన్నవ్. రెండుసార్లు అన్నవ్. తీగలు పెట్టి చూపిస్తే నీ తలకాయ ఎరుకే అన్నది. గా మిషన్ సంగతి నాకు తెలుసు. గది అబద్ధం పట్టదు, ఎరుక పడ్తది. ఎవలిదది?"

నర్సయ్య గోడ వైపు చూశాడు. గొంతు తగ్గింది.

"పోలీసోల్లు సూపెట్టిన వస్తువు ఎరుకే అంటే ఇగ మెడకు సుట్టుకున్నట్టే గదమ్మా. గందుకే లేదన్న."

"చుట్టుకోలేదా ఇప్పుడు?"

"నడిపయ్యది."

"నడిపయ్య ఎవలు?"

"నా జోడీ. పదకొండేండ్లు ఇద్దరం కలిసే ఎత్తినం. గా చివర ఆయన, గీ చివర నేను. రెండేండ్ల కింద సచ్చిపోయిండు. కొక్కెం పిడికి సైకిల్ ట్యూబు చుట్టింది నేనే. ఆయనకు చెయ్యి చెమట వట్టి జారుతుండె." నర్సయ్య కుడిచెయ్యి గాల్లో దేన్నో పట్టుకున్నట్టు ముడుచుకుంది. "గది నాకు ఎరుక గాకుంటదా?"

"చనిపోయినాయన కొక్కెం ఎక్కడుంటది?"

"షెడ్డుల, ఆయన మొల మీద. బతికున్నోని కొక్కెమే ఇంకొగలం ముట్టం. సచ్చినోనిది మొల మీద నుంచి దియ్యం. ఎన్నేండ్లయినా గట్లనే ఉంటది."

రూత్ లేచింది. నాలుగు రోజులుగా ఈ మనిషిని ఉతికిన వాళ్ళకు ఈ ఒక్క ప్రశ్న తట్టలేదు.

బయట గేటు పక్కన నర్సయ్య భార్య లసుమవ్వ టిఫిన్ గిన్నె ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. రూత్‌ను చూడగానే లేచింది.

"నాలుగ్గంటలకేనా అక్కా? ఆపరాదా?"

"చూస్తున్న. నువ్వు గీడనే ఉండు."

"హమాలీల పెద్ద రాజన్న ఇయ్యాల వస్తనన్నడు. మంగళారం ఆయన ఊర్లె లేకపాయె, ఉంటే గిట్ల కానిచ్చునా. గాయన మాటంటే సార్లు ఇంటరు. నర్సయ్య గసొంటోడు గాదని ఒక్క మాట చెప్పుమంట."

రూత్ తల ఊపి ఆటో ఎక్కింది.

హమాలీల షెడ్డు గోదాముకు యాభై అడుగుల దూరం. రేకుల కప్పు, మూడు పక్కలా గోడ, ఒక ఇనుప తలుపు. లోపల గోడకు అడ్డంగా చెక్క, చెక్కకు వరసగా మొలలు. బతికున్నవాళ్ళ కొక్కేలు వాళ్ళ భుజాలకే వేలాడుతుంటాయి కాబట్టి ఆ మొలలకు సంచులూ చొక్కాలూ ఉన్నాయి. చివర మూడు మొలలు చనిపోయినవాళ్ళవి. రెండింటికి కొక్కేలున్నాయి. సంచుల పక్కనున్న మూడోది ఖాళీ.

ఆ మొల కింద గోడ మీద కొక్కెం బొమ్మ ఉంది.

ఎవరూ గీయలేదు. గోడంతా ఏళ్ళ తరబడి పట్టిన పసుపు దుమ్ము. కొక్కెం వేలాడిన చోట మాత్రం దుమ్ము పట్టక, వంపుతో సహా తెల్లగా మిగిలిపోయింది. రూత్ వేలితో తాకి చూసింది. చుట్టూ దుమ్ము మందంగా, జిడ్డుగా వేలికి అంటింది. తెల్లటి వంపు మీద మూడు నాలుగు రోజుల పొడి మాత్రమే ఉంది, ఊదితే పోయేంత.

తలుపు దగ్గర బీడీ ఆర్పుతున్న ముసలి హమాలీ గులాం రసూల్‌ను పిలిచింది.

"చాచా, గీ కొక్కెం ఎప్పటినుంచి లేదు?"

"నడిపయ్యదా? సోమవారం సాయంత్రం ఉండె బేటీ. దాని పక్క మొలకే నా సంచి తగిలిస్త. బుధవారం పొద్దుగాల తలుపు తీసేవరకు గాయబ్."

"మంగళవారం?"

"మంగళవారం షెడ్డే తియ్యలే. మా పెద్ద రాజం ధర్పల్లి వోయిండు, సుట్టాల కర్మ ఉన్నదని. తాళంచెవి ఆయన జేబులనే పాయె. మేమందరం గోదాము వెనక గోడ నీడకు కూసొని తిన్నం, ఆయనను తిట్టుకుంట."

"ఇంకో తాళంచెవి లేదా?"

"ఉండె. పోయి ఆరేండ్లాయె. మళ్ళ చేపిచ్చుడు అంటే రేపు, ఎల్లుండి."

రూత్ తాళాన్ని వెలుతురుకు తిప్పింది. గీత లేదు, నొక్కు లేదు. గొళ్ళెం తుప్పు ఎక్కడా రాలలేదు. రేకుల మేకులు ఊడదీసిన గుర్తు లేదు. గోడలు ఎక్కడా కదలలేదు.

"చాచా, సోమవారం ఉన్నది, మంగళవారం తాళం తియ్యలే, బుధవారానికి లేదు. గిది పోలీసోల్లకు చెప్పినవా?"

"ఎవరు అడిగిండ్రు బేటీ?" అన్నాడు రసూల్. "వచ్చిండ్రు, మా కొక్కేలు ఇయ్యుమన్నరు ఫొటోకు. ఇయ్యం అన్నం. చేతి కొక్కెం ఎట్ల ఇస్తం? బండ బూతులు తిట్టి పోయిండ్రు. గంతే."

ఎవరూ అడగలేదు. యాభై వేల కొలువు చేసే మనుషులు, లక్షల మిషన్, హైదరాబాద్ నుంచి టెక్నీషియన్. గోదాముకు యాభై అడుగుల దూరంలో ఉన్న గోడను మాత్రం ఎవరూ చూడలేదు.

రూత్ గోడను నాలుగు ఫొటోలు తీసింది. మంగళవారం ఈ తలుపు తెరిచే దారి నర్సయ్యకు లేదు. నాలుగు గంటల కోర్టుకు అది చాలు. తాళంచెవి ధర్పల్లిలో ఎవరి చేతికి పోయిందో అడుగుదామని రాజంకు ఫోన్ చేసింది. స్విచాఫ్. టైం ఒకటి నలభై.

రెండు గంటల పదికి ఆమె భీమ్‌రావు ముందు కూర్చుంది. ఆ గది సగం నుంచి ప్లైవుడ్ అడ్డం కట్టారు. ఈ పక్క రెండు మానిటర్లు, టెక్నీషియన్ నందిని. ఆ పక్క పరీక్ష గది.

"ఫొటో మంచిగ తీసినవ్ మేడమ్," ఫోన్ తిరిగిచ్చేస్తూ అన్నాడు భీమ్‌రావు. "గోడ మీద దుమ్ము. కోర్టుల దుమ్ము నడువది. సైన్స్ నడుస్తది."

"తాళంచెవి నర్సయ్య దగ్గర లేదు సార్."

"దొంగ తాళంచెవి చేపిచ్చుకున్నడేమో. మెదడు చెప్తున్నది గద చూసిన్నని. మనిషి అబద్ధమాడుతడు, మెదడు ఆడది."

"మెదడు ఏం చెప్పిందో నాకు చూపియ్యుండ్రి."

"నీకెందుకు చూపియ్యాలె? నీ సంగతి నాకు తెల్వదా. దవాఖానల నుంచి ఎల్లగొట్టిన టెక్నీషియన్‌వి."

"ఎల్లగొట్టిండ్రు. రిపోర్టు చదవరాక గాదు, చదివిన్నని. వకీలు దరఖాస్తు మీద మీరే సంతకం పెట్టిండ్రు, నిందితుని రికార్డు చూడొచ్చని. నందినీ, తెరువమ్మా."

భీమ్‌రావు సంతకం వైపు చూసి చెయ్యి విసిరాడు. నందిని తెరిచింది.

పరీక్ష పద్ధతి రూత్‌కు కొత్త కాదు. బొమ్మ కంటి ముందు క్షణం పాటు పడుతుంది. పడిన మూడు నాలుగు వందల మిల్లీసెకన్లకు, అంటే రెప్పపాటులో, ఎరుకైన వస్తువు దగ్గర మెదడు కరెంటు ఒక గుబ్బలా లేస్తుంది. ఎరుక లేనిదాని దగ్గర లేవదు. ఒక్కో బొమ్మను ముప్పైసార్లు చూపించి సగటు తీస్తారు. ఆరు బొమ్మల్లో ఒకటే కేసుకు సంబంధించినది. గుబ్బ దాని దగ్గరే లేస్తే, ఆ వస్తువు ఆ మనిషికి తెలుసు. ఎందుకు తెలుసో మాత్రం మిషన్ చెప్పదు.

మానిటర్ మీద ఆరు కొక్కేలు వచ్చాయి. రూత్ ఒక్క చూపు చూసి కుర్చీ వెనక్కి జరిపింది.

"గీ ఐదు ఎక్కడియి?"

"హార్డ్‌వేర్ షాపుల కొన్నం," అన్నాడు భీమ్‌రావు.

"కనబడుతనే ఉన్నది. రేటు కాగితం గూడ పీకలే. ఐదు కొత్తవి తళతళ మెరుస్తున్నయ్, నడుమ ఒకటి నల్లగ, తుప్పుతోని, ట్యూబు చుట్టుకుని ఉన్నది. సార్, ఐదు కొత్త గ్లాసుల నడుమ ఒక సొట్ట చెంబు పెడితే మీ తలకాయ గూడ లేస్తది. చంపినోనికే గాదు, సంతల కొత్తిమీర అమ్మేటోనికి గూడ లేస్తది."

"నేను చెప్పాను మేడమ్," నందిని మెల్లగా అంది. "అన్నీ పాతవే ఉండాలని. దొరకలేదన్నారు."

"హమాలీలు ఇయ్యలే," భీమ్‌రావు గొంతు పెంచాడు. "ముట్టుకోనియ్యరు వాల్ల కొక్కేలు. నేనేం జెయ్యాలె?"

"ఎందుకు ముట్టుకోనియ్యరని ఒక్క మాట అడిగితే కేసు సగం తెలుస్తుండె. అందరి కొక్కేలు అందరికి ఎరుకే అక్కడ. గీ కొక్కెం నర్సయ్య జోడీది. పిడికి ట్యూబు చుట్టింది నర్సయ్యే. పదకొండేండ్లు కంటి ముందు చూసినదాన్ని మెదడు ఎరుక పట్టకుంటే అప్పుడు రోగం ఉన్నట్టు."

"మరి చూడలే అని ఎందుకన్నడు?"

"మీకు భయపడి. నోర్ముయ్ అన్నది మీరు. మూసుకున్నది ఆయన. నందినీ, గీ కేసు సంగతే తెల్వని మనిషికి గూడ గివే బొమ్మలు చూపిచ్చి ఉంటవ్ గద, మిషన్ మంచిగున్నదా లేదా అని?"

"చూపించాను. నార్మల్ ఒకటి అని ఫైల్ ఉంది."

"అది తెరువు."

"గది కోర్టుకు ఇచ్చేది గాదు," అన్నాడు భీమ్‌రావు.

"ఇయ్యకున్రి. నేను ఒక్క గీత చూస్త. గా మనిషికి పాత కొక్కెం దగ్గర గుబ్బ లేవకుంటే నేను లేచి ఇంటికి పోత. మళ్ళ మీ గడప తొక్క."

ఆ మాటకు భీమ్‌రావు ఆగాడు. ఈమె ఇంటికి పోవడం అతనికి అన్నిటికంటే ఇష్టమైన సంగతి. నందినికి తల ఊపాడు.

ఐదు కొత్త కొక్కేలకు ఐదు చదును గీతలు. ఆరోదాని దగ్గర, మూడు వందల నలభై మిల్లీసెకన్ల చోట, గీత నిండుగా లేచి దిగింది. నందిని నర్సయ్య గీతను దాని పక్కన పెట్టింది. రెండిటికీ తేడా చెప్పడం కష్టం.

"ఈయన గూడ చంపిండా సార్?" అంది రూత్.

భీమ్‌రావు గీతను చూశాడు, గడియారాన్ని చూశాడు. రెండు నలభై ఒకటి. అతను మూర్ఖుడు కాదు, తొందరగా ముగించాలనుకునే మనిషి, అంతే. నాలుగు గంటలకు వకీలు ఈ రెండు గీతలను జడ్జి బల్ల మీద పక్కపక్కన పరిస్తే ఎలా ఉంటుందో అతనికి కనబడింది.

"సరే," అన్నాడు చివరికి. "ఇయ్యాల రిపోర్టు పెట్టను. టైం అడుగుత. గంతేగద నీకు గావాల్సింది?"

అంతే కావాల్సింది. అయినా రూత్ చెయ్యి మౌస్ మీదనుంచి లేవలేదు. రికార్డును చివరిదాకా చూడకుండా మూయడం ఆమెకు అలవాటు లేదు. దవాఖానలో ఉద్యోగం పోయింది కూడా ఆ అలవాటుతోనే.

కొక్కేల తర్వాత ఇంకో వరస ఉంది. ఆరు ప్లాస్టిక్ బొమ్మలు. కుందేలు, ఏనుగు, బాతు, తాబేలు, పిల్లి, కప్ప.

"పిల్లల బొమ్మలెందుకు గీండ్ల?"

"గది మూసెయ్," అన్నాడు భీమ్‌రావు. గొంతు మారింది.

"నర్సయ్య రికార్డుల గూడ ఉన్నది గద. రిపోర్టుల ఎందుకు లేదు?"

"సాఫ్ట్‌వేర్ దానికి పర్సెంటేజీ ఇవ్వలేదు మేడమ్," అంది నందిని. "అన్నీ చదునుగా ఉన్నాయని వదిలేశాం."

"చదునుగ ఉంటే వదిలేస్తరా? ఎరుక లేదని చెప్పుడు సాక్ష్యం గాదా? లేస్తేనే సైన్సు, లేవకుంటే చెత్తబుట్టనా?" రూత్ గొంతు ప్లైవుడ్‌కు తగిలి తిరిగొచ్చింది. "ఏంది సార్ గీ బొమ్మలు?"

భీమ్‌రావు తలుపు వైపు చూసి, పళ్ళ మధ్య నుంచి చెప్పాడు. "మంగళవారం పన్నెండు నలభైకి స్వామి ఫ్యాన్సీ షాపుల బొమ్మ కొన్నడు, మనవరాలికి. తెల్ల అట్టపెట్టె, పైన బొమ్మ లేదు. హమాలీలు తిండికి పోయినంక గోదాముల కూసొని పెట్టె ఇప్పి బ్యాటరీలు ఏసిండు. శవం కింద దొరికింది, ఆకుపచ్చ తాబేలు. నాకు, ఈమెకు, షాపాయనకు, పంచనామా రాసిన ఇద్దరికి దప్ప ఎవలికి తెల్వది. డ్రైవర్ గూడ చూడలే. చంపినోడు దప్ప చూసినోడు లేడు."

"నర్సయ్యకు చదునుగ ఉన్నది."

"ఉన్నది."

"తెలిసి గూడ కోర్టుకు పట్టుకపోతున్నవ్ ఆయనను."

రూత్ ఇక అతన్ని చూడలేదు. తెరిచి ఉన్న నార్మల్ ఒకటి ఫైల్‌ను కిందికి జరిపింది, ఎందుకని అడిగితే ఆమె కూడా చెప్పలేదు. కుందేలు, చదును. ఏనుగు, చదును. బాతు, చదును.

తాబేలు దగ్గర గీత లేచింది. కొక్కెం దగ్గర లేచినదానికంటే ఎత్తుగా లేచింది. పిల్లి, కప్ప మళ్ళీ చదును.

రూత్ తాబేలు బొమ్మను తెర మీద పెద్దది చేసింది.

"నందినీ, గీ ఆరు బొమ్మలు ఎక్కడ కొన్నవ్?"

"అన్నీ ఒకే షాపులో మేడమ్. ఒకే సైజు, అన్నీ కొత్తవే. స్వామి కొన్న తాబేలు కాదు, అదే రకం ఇంకోటి తెచ్చి ఫొటో తీశాను. ఈ సెట్‌లో తప్పు లేదు." చెబుతూనే ఆమె ముఖం తెల్లబడింది.

"ఆరిట్ల తాబేలు ఒక్కటే ఎందుకు లేచింది? నార్మల్ ఒకటి ఎవలు?"

నందిని భీమ్‌రావును చూసింది. భీమ్‌రావు పెదవులు తడుపుకున్నాడు.

"నర్సయ్య వయసుండాలె, గదే పని చెయ్యాలె, మంగళవారం ఊర్లె లేని మనిషి గావాలె అన్నది ఈమె. ధర్పల్లిల ఉన్న అన్నడు. నేనే పిలిపిచ్చిన. రాజం."

షెడ్డు తాళంచెవి ధర్పల్లికి పోలేదు. రాజమే పోలేదు. పద్నాలుగు వరుసలు వేయించిన పేరు సేటుది కాదు. పైనుంచి సేటు తొందరపెట్టి ఉండొచ్చు, కానీ వరుస మీద వరుస పెట్టమని కేక వేసేది హమాలీల పెద్దే. బుధవారం స్వామి చెప్పబోయిన పేరు అదే. రూత్‌కు తన మీద తనకే చిరాకు లేచింది. షెడ్డులో నిలబడి, తాళంచెవి ఎవరి చేతికి పోయిందా అని ఆలోచించింది తప్ప, జేబు ఎవరిదని ఆలోచించలేదు.

"ఆయన తల పరీక్షకు మేజిస్ట్రేటు అనుమతి లేదు," భీమ్‌రావు నీరసంగా అన్నాడు. "ఆయన ఒప్పుకున్నట్టు కాగితం లేదు. కోర్టుల గీ గీత పనికిరాదు."

"పనికిరాకపోనియ్. మనకు తెలిసింది గద. ఎక్కడున్నడు? ఫోన్ స్విచాఫ్ ఉన్నది."

"నేనే ఆఫ్ చేయించాను," అంది నందిని. "తీగలు పెట్టినప్పుడు ఫోన్ ఉండకూడదు కదా. నార్మల్‌కు రెండు సిట్టింగులు చెయ్యాలి. మీరు రావడానికి నలభై నిమిషాల ముందే మన జీపులో వచ్చాడు. కళ్ళు మూసుకుని పడుకోమని చెప్పి వచ్చాను."

ఆమె వేలు ప్లైవుడ్ అడ్డం వైపు చూపిస్తోంది.

అరగంట నుంచి ఈ పక్క అరిచిన ప్రతి మాటా ఆ పలక దాటే పోయి ఉంటుంది. కొక్కెం, జోడీ, తాబేలు.

రూత్ రెండో మానిటర్ వైపు తిరిగింది. అందులో పక్క గదిలోని తల రికార్డు నడుస్తోంది. కళ్ళు మూసుకుని నెమ్మదిగా ఉన్న మనిషికి తల వెనక భాగంలో ఒక తీరైన అల వస్తుంది, దువ్విన జుట్టులా. పదహారేళ్ళలో కొన్ని వేల తలల్లో చూసిందామె. ఆ అల ఇక్కడ లేదు. కళ్ళు తెరిచే ఉన్నాయి. కణతల దగ్గరి తీగల్లో నల్లటి ముళ్ళు లేస్తున్నాయి. పళ్ళు బిగబట్టినప్పుడు వచ్చే ముళ్ళు అవి.

"రాజం," అని పిలిచాడు భీమ్‌రావు.

మానిటర్ మీద ఇరవై ఒక్క గీతలూ ఒకేసారి గంతులు వేశాయి. తర్వాత ఒక్కొక్కటే ఉబ్బి, మందపు నల్లటి పట్టీలైపోయాయి. తల నుంచి ఊడిన తీగ తిన్నగా గీత గీయదు. గోడల్లోని కరెంటు రొదనంతా పట్టుకుని ఇలా నల్లబడుతుంది.

"గేటు మూయుండ్రి," భీమ్‌రావు కుర్చీ తన్నేసి లేచాడు.

"ఆయన కొక్కెం తీసుకున్నరా లోపలికి పోయేటప్పుడు?" పరుగెడుతూనే అడిగింది రూత్.

"ఎందుకు తీసుకుంటం? నార్మల్ మనిషాయె."

పరీక్ష గది వెనక తలుపు తెరిచి ఉంది. తలకు పెట్టిన తీగల టోపీ నేల మీద, తీగలు మంచం కాలికి చుట్టుకుని ఉన్నాయి. వరండా అవతల గేటు దగ్గర నుంచి లసుమవ్వ గొంతు వినబడింది. పొద్దుటి నుంచి ఎదురుచూసిన మనిషి దొరికిన గొంతు అది.

"రాజన్నా, వచ్చినవా. జర ఆగన్నా. నాలుగ్గంటలకు తోల్కపోతరట ఆయనను. నువ్వొక్క మాట చెప్పన్నా, నీ మాట ఇంటరు."

"ఇడువు లసుమా."

"ఇడువను. నువ్వు చెప్పేదాంక నిన్ను ఇడువను."

రూత్ వరండా మలుపు తిరిగింది. గేటుకు అడ్డంగా లసుమవ్వ నిలబడి ఉంది. కొక్కెం ఎప్పుడూ వేలాడే రాజం భుజం ఖాళీగా ఉంది. అతని కుడిచెయ్యి మణికట్టును ఆమె రెండు చేతులా పట్టుకుని, ఆ పిడికిలిని తన కళ్ళకు అద్దుకుంటోంది. ఆ పిడికిట్లో ఏముందో ఆమె చూడలేదు.